కుప్పింటి వేరు, క్యాట్‌నిప్ పొట్లం

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు. రెడ్డిగూడెం తోటల్లో మామిడికి అప్పుడప్పుడే పూత దిగుతోంది. 2022 ఏప్రిల్‌లో ఈ మండలం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది గానీ, పెద్దమ్మ నోటికి ఇప్పటికీ కృష్ణా జిల్లా అనే వస్తుంది. పండక్కి హైదరాబాదు నుంచి వస్తూ నా పిల్లిని కూడా బుట్టలో పెట్టుకుని తెచ్చాను. పేరు చుక్కి, నాలుగేళ్ళది. పుట్టి బుద్ధెరిగాక అపార్ట్‌మెంటు గడప దాటలేదేమో, బస్సు మోతకీ కొత్త ఇంటికీ బెదిరి మూడు రోజులు మంచం కిందే ఉండిపోయింది. ఎలాగైనా బయటికి రప్పించాలని సంచిలోంచి క్యాట్‌నిప్ పొట్లం తీశాను. ఎండుటాకు నలిపింది, టీ పొడి కంటే ముతకగా, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. వసారాలో కందులు చెరుగుతున్న పెద్దమ్మ ఆ వాసనకి తలెత్తింది. చేట పక్కన పెట్టి వచ్చింది. అక్కడ మొదలైన వాదన దీపాల వేళ దాకా నడిచింది.

పెద్దమ్మ: ఏంటే అది? దానికి పెడతావా ఏంటి?

నేను: తినడానికి కాదు పెద్దమ్మా, వాసనకి. క్యాట్‌నిప్ అంటారు. మన తులసి, పుదీనా కుటుంబంలోదే. చలి దేశాల్లో బాగా పెరుగుతుంది. చిటికెడు చల్లితే పిల్లి వచ్చి బుగ్గలు రుద్దుకుంటుంది, దాంట్లో పడి పొర్లుతుంది, కాసేపు గంతులేసి వెళ్ళి పడుకుంటుంది.

పెద్దమ్మ: అంటే మత్తు.

నేను: మత్తు కాదు...

పెద్దమ్మ: బెదిరిన జీవానికి మత్తు పెట్టి బెదురు పోయిందంటావు. మా అమ్మమ్మ కాలంలో చంటిపిల్ల ఏడుస్తుంటే నల్లమందు నాకించేవాళ్ళంట. పిల్ల ఊరుకునేది. ఊరుకుంది కదా అని మంచిదైపోయిద్దా? నోరున్నదైతే వద్దనేది. దీనికి ఆ నోరు కూడా లేదు.

నేను: నల్లమందు కడుపులోకి పోయి నెత్తురులో కలిసేది. ఇది పని చేసేది ముక్కు దగ్గర. ఈ ఆకులో నెపెటలాక్టోన్ అనే పదార్థం ఉంది. ఆ వాసన ముక్కుకి తగిలితేనే ఈ పొర్లాట. అది కూడా ఐదు నిమిషాలు, పది, మహా అయితే పదిహేను. ఆ తర్వాత ముక్కు కింద పెట్టినా పట్టించుకోదు. మళ్ళీ దానికి వాసన ఆనాలంటే అరగంటో గంటో, ఇంకా ఎక్కువో పట్టొచ్చు. తాగుడికి అలవాటు పడ్డవాడు అలా గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోతాడా? నెల రోజులు ఈ ఆకు కనపడకపోయినా పిల్లి వెతుక్కోదు, వణకదు.

పెద్దమ్మ: దాని లోపలేం జరుగుద్దో నీకెవరు చెప్పారు?

నేను: జపాన్‌లో చూశారు. అక్కడ మతతాబి అనే తీగ ఉంది, దాని ఆకంటే పిల్లులు పడి చస్తాయని వాళ్ళకి తరతరాలుగా తెలుసు. ఇవాటే విశ్వవిద్యాలయంలో మియాజాకీ మసావో అనే ఆయన, ఆయనతో ఉన్నవాళ్ళు కలిసి 2021లో ఆ సంగతి తేల్చారు. ఆ వాసన తగిలాక పిల్లి నెత్తురులో బీటా ఎండార్ఫిన్ పెరిగింది. మనకి దెబ్బ తగిలినప్పుడు నొప్పి ఓర్చుకోవడానికి, మనసు కుదుటపడటానికి ఒంట్లోనే ఊరే పదార్థం అది. నలాక్సోన్ అనే ఇంజెక్షన్ ముందే ఇస్తే ఆ పొర్లాట బాగా తగ్గిపోయింది.

పెద్దమ్మ: ఆ ఇంజెక్షన్ దేనికిస్తారు?

నేను: నల్లమందు జాతి మత్తు తలకెక్కి ఊపిరాడనివాళ్ళకి విరుగుడుగా ఇస్తారు.

పెద్దమ్మ: చూశావా! విరుగుడు పనిచేసిందంటే అక్కడ ఉన్నది మత్తనే కదే. నీ నోటితో నువ్వే చెప్పావు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆమె చదువుకున్నది ఐదో తరగతి. జగ్గయ్యపేట పక్క పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక ఈ మామిడి నీడలోకి వచ్చి, యాభై ఏళ్ళు పశువుల మధ్యే బతికింది. వాదనలో ఎక్కడ పట్టుకోవాలో ఆమెకి బాగా తెలుసు.

నేను: సరే, ఒప్పుకుంటాను. చేరే చోటు ఒకటే. కానీ కల్లు తాగితే వచ్చే హాయి వేరు, మనవడిని ఎత్తుకుంటే నీకు వచ్చే హాయి వేరు కదా. రెండోది నీ ఒంట్లోనే పుట్టింది, పుట్టాల్సినంతే పుట్టింది, చాలనుకున్నప్పుడు అదే ఆగింది. పిల్లిది ఆ రెండో రకం.

పెద్దమ్మ: నా మనవడిని నేను నా కోసం ఎత్తుకుంటా. నువ్వు ఆ పొడి చల్లేది దాని కోసమా, నీ కోసమా? ఫోను పట్టుకుని తీస్తావు కదా అది దొర్లుతుంటే. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అనేవాళ్ళు. ఇప్పుడు చెలగాటం మీదైపోయింది.

నేను: తీశాను పెద్దమ్మా, మా ఎదురింటి పిల్లిని. కాదనను. కానీ పిల్లికి ఇందులో దాని పని దానికి ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆ జపాన్ వాళ్ళు మతతాబిలోని పదార్థాన్ని కాగితానికి పూసి నేల మీద పెడితే పిల్లులు పొర్లాయి. అదే కాగితం గోడకీ పైకప్పుకీ అంటిస్తే పొర్లలేదు, కాళ్ళెత్తి నిలబడి మొహం, తల దానికి రుద్దుకున్నాయి. పొర్లడం కోసం కాదన్నమాట, ఒంటికి పూసుకోవడం కోసం. అలా తలకి పూసిన పిల్లుల్నీ పూయని వాటినీ దోమల దగ్గర ఉంచి చూస్తే, పూసిన వాటి మీద వాలిన దోమలు బాగా తక్కువ. మరుసటి ఏడు ఇంకోటి కనిపెట్టారు. పిల్లి ఆ ఆకుని నమిలి, నాకి, చించుతుంది కదా, అలా చిరిగిన ఆకు మామూలు ఆకు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వాసన వదులుతుంది. క్యాట్‌నిప్ సంగతి అయితే అమెరికాలో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2001లోనే చెప్పారు. మనం ఒంటికి రాసుకునే దోమల మందుల్లో డీట్ ఉంటుంది చూడు, ప్రయోగశాలలో దానికంటే పది రెట్లు గట్టిగా దోమల్ని తరిమిందని.

పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చేటలో కందుల్ని వేలితో కెలుకుతూ కూర్చుంది.

పెద్దమ్మ: మన నల్ల బర్రె గుర్తుందా నీకు? ఎండ తిరిగే వేళకి కుంటలో దిగి మెడ దాకా బురద పూసుకుని వచ్చేది. మీ పెదనాన్న కడగలేక తిట్టేవాడు. నేను కడగొద్దనేదాన్ని. బురద ఆరి పెచ్చు కడితే జోరీగ ముల్లు దిగదు. దానికెవరు చెప్పారు ఆ సంగతి? ఒళ్ళు బురదలో పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉండేది, ఆ మొహం చూస్తే స్వర్గంలో ఉన్నట్టే. దాన్ని ఎవరూ మత్తు అనలా.

నేను: అదే నేను చెప్పేది.

పెద్దమ్మ: నువ్వు చెప్పినట్టు లేదు. సరే, చల్లు. కొంచెమే.

చిటికెడు తీసి గచ్చు మీద వేశాను. చుక్కి మంచం కిందనుంచి మెడ సాచింది. దగ్గరికొచ్చి వాసన చూసింది. ఒకసారి తుమ్మి, తోక నేల మీద కొట్టుకుంటూ మళ్ళీ మంచం కిందకి పోయింది. అంతే. ఇంతలో పెద్దమ్మ వాళ్ళ గండుపిల్లి గోడ దూకి వచ్చింది. బూడిద చారలది, కుడి చెవి చిరిగింది, వడ్ల బస్తాల దగ్గర ఎలుకల కాపలా దాని ఉద్యోగం. గచ్చు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ముందు గడ్డం ఆనించింది, తర్వాత ఒక బుగ్గ, తర్వాత రెండోది. నోట్లోంచి సన్నగా చొంగ కారింది. ముందరి కాళ్ళు ముడిచి ఒక భుజం మీదికి వాలి, వెల్లకిలా తిరిగి, వెన్ను గచ్చుకేసి పాములా మెలితిప్పింది. మనుషుల చేయి ఏనాడూ పడనివ్వని ఆ పిల్లి తెల్లటి పొట్ట నాకు ఆ రోజే మొదటిసారి కనపడింది. ఎనిమిది నిమిషాలకి లేచి, ఏమీ జరగనట్టు ఒళ్ళు నాక్కుంటూ కూర్చుంది.

పెద్దమ్మ: నీ పిల్లికి పట్టలేదే?

నేను: పట్టని పిల్లులు ఉంటాయి. సుమారు మూడింట ఒకటి అలాంటిదే. అది వంశంలో వస్తుందని నీల్ టాడ్ అనే ఆయన 1962లోనే రాశాడు. మూడు నెలలు దాటని కూనలకి కూడా పట్టదు. సింహాలూ చిరుతలూ మాత్రం మన గండుపిల్లి లాగే దొర్లుతాయి. కొన్ని పిల్లులకి క్యాట్‌నిప్ పట్టకపోయినా మతతాబి పడుతుంది. మన జటామాంసికి దగ్గర చుట్టం వలేరియన్ అని ఉంది, దాని వేరు కొన్నిటికి పడుతుంది.

పెద్దమ్మ: జటామాంసి దాకా ఎందుకు? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మీకో నమ్మకం. పార్సిల్లో వస్తేనే మందు. నాతో రా.

స్నానాల గది నీళ్ళు పారే చోటికి తీసుకెళ్ళింది. తడి నేలలో మోకాలెత్తు మొక్క. ఆకులు తమలపాకుని చిన్నది చేసి అంచుకి రంపపు పళ్ళు పెట్టినట్టున్నాయి. కాడ పొడుగునా చిన్న చిన్న ఆకుపచ్చ దొన్నెల్లాంటివి, దొన్నెకో రెండో మూడో గింజలు.

పెద్దమ్మ: కుప్పింటాకు. కొందరు మురిపిండాకు అంటారు. మీ అమ్మకి చిన్నప్పుడు గజ్జి లేస్తే ఈ ఆకూ పసుపూ కలిపి నూరి పట్టించింది మా అమ్మ. దీన్ని పీకామంటే చాలు, ఎక్కడున్నా పిల్లి వచ్చి వాలిద్ది. ఆకు కాదు, వేరు. ఈ సంగతి మాకు మీ జపాన్ వాళ్ళు చెప్పలా.

నిజమే, ఆమె చెప్పింది పొల్లు పోదు. తమిళంలో ఈ మొక్కని కుప్పైమేని అంటారు, పూనైవణంగి అనీ అంటారు, పిల్లి వంగి దండం పెట్టే మొక్క అని. మలయాళంలో పూచమయక్కి, పిల్లిని మైకంలో పడేసేది. దక్షిణాది పల్లెలన్నీ చూసి పేరు పెట్టిన విషయం ఇది. నన్ను ఆశ్చర్యపరిచేది దీని కుటుంబం. కుప్పింటాకు ఆముదం జాతిది. క్యాట్‌నిప్ తులసి జాతిది. ఎక్కడా బంధుత్వం లేని రెండు మొక్కలు పిల్లి ముక్కుకి ఒకే మాట చెబుతున్నాయి. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో ఊర పిల్లులు పక్షుల్ని తినేస్తుంటే, వాటిని ఆకర్షించి పట్టుకునే దారి వెతుకుతూ ఆస్ట్రేలియా వాళ్ళు ఈ కుప్పింటి వేరు మీదే దృష్టి పెట్టారు. 2016లో వేరులోంచి రెండు పదార్థాలు విడదీశారు, ఐసోడైహైడ్రోనెపెటలాక్టోన్, ఐసోఇరిడోమిర్మెసిన్. మొదటిదాని పేరులోనే క్యాట్‌నిప్ పదార్థం పేరుంది, చూడండి.

పెద్దమ్మ మొక్కని మొదట్లో పట్టుకుంది. అప్పటిదాకా ఒద్దన్న మనిషి ఇవ్వబోతోంది, ఇస్తానన్న నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

నేను: ఆగు పెద్దమ్మా. మొన్న పూతకి తేనెమంచు పురుగు మందు ఎక్కడిదాకా కొట్టారు?

పెద్దమ్మ: తోటకి కొట్టారు. ఇక్కడికి రాదు.

నేను: గాలి ఎటుంది ఆ రోజు? గట్ల మీద గడ్డిమందు కొట్టింది ఎప్పుడు? మిరప చేలో, పత్తి చేలో, గట్టు మీద ఉన్న కుప్పింటాకుని పిల్లికి ఇవ్వడం అంటే ఆ మందు దాని నోట్లో పోయడమే. బర్రె ఒంటి మీద పడ్డది వానకి కొట్టుకుపోతుంది. పిల్లి ఒంటి మీద ఏది పడ్డా చివరికి దాని నాలుక మీదికే వస్తుంది. కాలికి అంటినా నాకుతుంది, తోకకి అంటినా నాకుతుంది.

పెద్దమ్మ: ఇది మన దొడ్డి నీళ్ళకి పెరిగింది. కడిగి ఇస్తా.

నేను: కడిగినా ఒకటుంది. క్యాట్‌నిప్ ఎక్కువ తింటే వాంతి, విరేచనం, రోజంతా మగత, అంతటితో సరి. కుప్పింటాకు అలా కాదు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా పుట్టే మనుషులుంటారు. శ్రీలంకలో ఈ ఆకు తిన్న అలాంటివాళ్ళు నెత్తురులో ఎర్ర కణాలు పగిలిపోయి ఆస్పత్రి పాలయ్యారు. పిల్లి నెత్తురు అసలే బలహీనం. ఉల్లిపాయ తింటేనే దాని ఎర్ర కణాలు చితికిపోతాయి. అలాంటిది దీన్ని మేస్తే...

పెద్దమ్మ మొక్క వదిలేసింది. చేతికంటిన మట్టి చీరకి తుడుచుకుంటూ, పెద్దగా కాకుండా అడిగింది.

పెద్దమ్మ: జొరం బిళ్ళ వేసినా అలా అయిద్దా?

నేను: పారాసిటమాలా? పిల్లికి అది గట్టి విషం పెద్దమ్మా. మనం వేసుకునే ఐదు వందల మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి. ఎందుకు?

పెద్దమ్మ: ఈ గండుపిల్లి తల్లి. తెల్లది. ఆరేళ్ళయింది. ఒళ్ళు కాలిపోతా మూల పడుకుంది. మీ పెదనాన్నకి తెచ్చిన బిళ్ళల్లో సగం విరిచి, పాలల్లో కలిపి, నోరు తెరిచి నేనే పోశా. పొద్దుటికి మొహం ఉబ్బింది. చిగుళ్ళు చూస్తే ఎర్రగా లేవు, చింతపండు పులుసు రంగులో ఉన్నాయి. ఆయాసం. మధ్యాహ్నానికి పోయింది. జొరంతో పోయిందనుకున్నా ఇన్నాళ్ళూ.

కాసేపు ఇద్దరం ఆ నీళ్ళ గుంట దగ్గరే నిలబడ్డాం. ఆమె మొదటి నుంచీ ఒద్దంటున్నది నా పొడి మీద కోపంతో కాదని నాకప్పుడు అర్థమైంది. జొరంతోనే పోయి ఉంటుందిలే అని సర్దిచెప్పొచ్చు. చెప్పలేదు. ఉబ్బిన మొహం, మట్టిరంగు చిగుళ్ళు ఆ బిళ్ళ చేసే పనే.

నేను: నీకు తెలియదు పెద్దమ్మా. నాకూ ఒకప్పుడు తెలియదు. చుక్కి వచ్చిన కొత్తలో గదిలో మంచి వాసన రావాలని యూకలిప్టస్ నూనె పోసి ఆవిరి యంత్రం పెట్టాను, తలుపులు మూసి. గంటకి చుక్కి చొంగ కారుస్తూ తూలింది. డాక్టరు చెప్పాకే తెలిసింది. ఇలాంటి వాటిని విరిచి బయటికి పంపే పని మన కాలేయం చేస్తుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. అందుకే బిళ్ళ, నూనెలు, కుక్కల గోమార్లకి పోసే పర్మెత్రిన్ మందు, ఇవన్నీ మనకీ, కొంతవరకూ కుక్కకీ ఆగుతాయి, పిల్లికి ఆగవు. క్యాట్‌నిప్ అయినా అంతే. ఆకుగా ఇస్తే ఆట. చిక్కగా తీసిన నూనె సీసా ఇస్తే నేనూ ఒప్పుకోను.

పెద్దమ్మ: తెలిస్తే ఏం చేసేదాన్ని?

నేను: మింగిన కొద్ది గంటల్లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే దీనికి విరుగుడు ఉంది, ఎన్-అసిటైల్‌సిస్టీన్ అని. గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉంది మనకి. బిళ్ళ ఖాళీ రేకు చేత్తో పట్టుకుని వెళ్ళాలి, ఏది ఎంత మింగిందో చూపించడానికి. ఉప్పునీళ్ళు పోసి కక్కించకూడదు.

పెద్దమ్మ తల ఊపింది. మొక్క వైపు చూసింది, గోడ మీద కూర్చున్న గండుపిల్లి వైపు చూసింది.

పెద్దమ్మ: దీని తల్లి కూడా కుప్పింటి వేరు కనపడితే పొర్లేది. తినేది కాదు. ఇన్నేళ్ళలో ఆకు మేసిన పిల్లిని నేను చూళ్ళా, వేరుకి మొహం రుద్దుకుని పోయేవే. నీ జీ6 ఏదో అది ఆకు తిన్నవాళ్ళ సంగతి. నువ్వు ఆపావని మానుకోను. వేరు ఒకటే కోసి, కడిగి, నేను దగ్గర కూర్చుని ఇస్తా. పొర్లి లేచాక పొయ్యిలో పడేస్తా. అట్లాగైతే?

నేను: కొరకడం మొదలెడితే?

పెద్దమ్మ: లాక్కుంటా. నా చేతికి గీట్లు కొత్తా?

నేను దానికి అడ్డు చెప్పలేకపోయాను. ఆమె చూసిన పిల్లులు నా చదువు కంటే ఎక్కువ. కత్తిపీటతో వేరు కోసి, బోరు నీళ్ళ కింద రెండుసార్లు కడిగి, మంచం ముందు గచ్చు మీద పెట్టింది. వేరు వేలెడంత ఉంది, తెల్లగా, కోసిన చోట పచ్చి వాసన. చుక్కి మెడ సాచింది. ఈసారి తుమ్మలేదు. రెండడుగులు బయటికి వచ్చి, దవడ ఆ వేరు మీద ఆనించి, కళ్ళు సగం మూసి అలాగే ఉండిపోయింది. గండుపిల్లిలా దొర్లలేదు. దవడ అటూ ఇటూ రుద్దుకుంటూ, మూడు రోజుల తర్వాత మొదటిసారి గుర్రుమని చప్పుడు చేసింది. గండుపిల్లి గోడ దిగబోతే పెద్దమ్మ చీపురు అడ్డం పెట్టింది. రెండిటినీ ఒకచోట వదలొద్దని నేను చెప్పకముందే ఆమెకి తెలుసు, ఊపులో ఉన్న గండు పక్కదాన్ని కొరుకుతుందని.

పెద్దమ్మ: రోజూ ఇయ్యొచ్చా?

నేను: వద్దు. వారానికి రెండుసార్లు చాలు, లేకపోతే ముక్కు మొద్దుబారి అసలు పట్టించుకోదు. కడుపుతో ఉన్నదానికి మానెయ్. మూర్ఛలున్న పిల్లి అయితే డాక్టరుని అడక్కుండా ఇవ్వొద్దు. నా పొట్లం నీ గండుకి వదిలి వెళ్తాను. మూత బిగువుగా ఉన్న డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు, బయట ఉంటే నెలల్లో వాసన చచ్చిపోతుంది. ఆకు కూరి కుట్టిన బొమ్మలూ అవీ దారాలు ఊడితే పారెయ్, దారం మింగితే పేగు మెలిపడుతుంది.

పెద్దమ్మ: నీ చుక్కికి?

నేను: హైదరాబాదులో కుప్పింటాకు నాకెక్కడ దొరుకుతుంది?

పెద్దమ్మ లేచి దొడ్లోకి వెళ్ళింది. పగిలిన నీళ్ళ కుండ అడుగు భాగం తెచ్చి, వంటింటి వెనక మట్టి తీసి పోసింది. తోట వైపు మట్టి కాదు. కుప్పింటి కాడల్లోంచి ఎండిన దొన్నెలు దులిపి గింజలు అరచేతిలో వేసుకుంది. ఆవగింజల కన్నా చిన్నవి. వాటిని మట్టి మీద చల్లి, వేలితో కొద్దిగా కప్పింది.

పెద్దమ్మ: నీ బాల్కనీలో పెట్టుకో. ఎల్లుండి తోటకి మళ్ళీ మందు కొడతారు. గండుదాన్ని ఎన్ని రోజులు లోపల కట్టెయ్యాలి?

నేను: కొట్టిన రోజూ, ఆ మరుసటి రోజూ. ముందు మందు సీసా మీద ఏం రాసుందో చూడనివ్వు, అది ఎక్కడ పెట్టారు?